నాన్న ఎడమ కంట్లో అన్న

నాన్నా,

ఈ పిలుపు ముందు ‘ప్రియమైన’ అని రాశాను, కొట్టేశాను. మళ్లీ రాశాను, మళ్లీ కొట్టేశాను. ఇప్పుడున్న కోపంలో ఆ మాట రాస్తే అబద్ధం చెప్పినట్టు ఉంటుంది. ఉత్తి ‘నాన్నా’తో సరిపెట్టుకో. ప్రేమ ఉన్నా, కోపం ఉన్నా నిన్ను పిలవడానికి నా దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే.

ఉత్తరం ఇంటికి కాకుండా నీ వెల్డింగ్ షెడ్డుకి పంపిస్తున్నాను. ఫోన్ చేస్తే అమ్మ ఎత్తి స్పీకర్‌లో పెడుతుంది. తను వింటుంటే నువ్వు ‘ఊ’, ‘ఆ’ తప్ప ఇంకేం మాట్లాడవు. ఇనప పలకల మీద కొలతలు గీసే మార్కర్‌తో పెద్ద పెద్ద అక్షరాలు రాస్తున్నాను. కుడికన్నుతో నువ్వే చదువుకో. కుదరకపోతే రవ్వల బాబాయ్ చేత చదివించుకో. నీ పక్కనే గ్రైండింగ్ మిషన్ దగ్గర నిలబడి అన్నేళ్లు నిప్పురవ్వలు తిన్న మనిషి, ఆయన దగ్గర మనకి దాపరికం ఏముంది. బాబాయ్, నువ్వు చదువుతుంటే మాత్రం తిట్లు దాటేయకు. ఉన్నవి ఉన్నట్టు చదువు.

మంగళవారం నీ ఆపరేషన్ జరగాల్సింది. నేనిక్కడ కంపెనీలో ట్యాంకు లోపల పాక్కుంటూ వెల్డింగ్ అతుకు వేస్తున్నదాన్ని, సూపర్‌వైజర్ అరుస్తున్నా వినకుండా బయటికొచ్చి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తింది. “ఆపరేషనా? వెళ్లలేదే. మీ అన్న ఇప్పుడు బాగా కనబడుతున్నాడట. ఇప్పుడు కంటిని కెలికించుకోవడం ఎందుకన్నారు మీ నాన్న” అంది. ఆ గొంతులో ఎంత సంతోషమో! అన్న పోయాక నాలుగేళ్లలో అమ్మ గొంతు అలా వినలేదు. 

అసలు ఏం జరిగిందో నీకు తెలిసినదే మళ్లీ రాస్తాను. మరిచిపోయినట్టు నటిస్తున్నావు కనక.

మొదట కన్ను ఎర్రబడింది. మన పనిలో కన్ను ఎర్రబడితే ఎవరైనా అనేది ఒకటే, ‘మంట కొట్టింది’. గోడకి మేకు కొట్టి, దానికి దారంతో ఒక చుక్కలమందు సీసా వేలాడదీశారు మీ మహానుభావులు. షెడ్డులో ఎవరి కంట్లో నలక పడినా, ఎవరికి మంట కొట్టినా అదే సీసా. ఎవడు ఎప్పుడు తెచ్చాడో తెలియదు, అయిపోతే మళ్లీ అలాంటిదే వస్తుంది. నువ్వూ అదే పోసుకున్నావు. ఎరుపు తగ్గింది, మసక తగ్గలేదు. అయినా మంటే అన్నావు. జీవితమంతా మంట ముందు కూర్చున్నవాడికి మంట కాక ఇంకేం తోస్తుంది! నెలలు అలా గడిచిపోయాయి. తర్వాత సందు చివరి కంటి డాక్టరు చూసి, లోపల వాపు ఉందని మాత్రలు ఇచ్చాడు. మాత్రలు వేసుకుంటే పొగ తీసేసినట్టు చూపు తేలికపడేది. తగ్గిస్తే మళ్లీ మూసుకొచ్చేది. ఇలా ఎన్నిసార్లో. చివరికి ఆయనే, ‘ఇది మామూలు వాపులా లేదు, పెద్దాసుపత్రికి వెళ్లండి’ అని చీటీ రాసిచ్చాడు. ఆయన్ని అనను. ఆ పాటి తెలివి ఆయనకైనా ఉంది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ నీ రెండు కళ్లలోకీ దీపం వేసి చాలాసేపు చూసింది. తర్వాత మనిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. రోగాలతో పోట్లాడాల్సిన తెల్ల కణాలే ఒక్కోసారి దారి తప్పి, ఇష్టమొచ్చినట్టు పెరిగి, కంటి లోపలి జిగురులో కాపురం పెడతాయట. దాన్ని లింఫోమా అంటారట. అదీ క్యాన్సరే. చూడటానికి అచ్చం వాపులాగే ఉంటుందట, అందుకే పట్టుబడదట.

“ఆ మాత్రలు వేస్తే వాటిలో చాలావరకు చచ్చిపోతాయి, మిగిలినవి దాక్కుంటాయి. అప్పుడు తీసి చూసినా ఏమీ దొరకదు. మెల్లగా తగ్గించి మాత్రలు ఆపేయండి. వాటిని మళ్లీ లేవనివ్వండి. లేచాక లోపలి జిగురు తీసి పరీక్ష చేద్దాం” అంది.

నువ్వు ఒకే ఒక్క ప్రశ్న అడిగావు. “ఆపేస్తే ఎడమ కంట్లో నీడ మళ్లీ వస్తుందా అమ్మా?”

“వస్తుంది. ఇంకా చిక్కగా వస్తుంది. భయపడకండి.”

నీ మొహంలో ఏదో కదిలింది. భయం అనుకున్నాను నేను, పిచ్చిదాన్ని. ఇంటికి రాగానే మాత్రలు మానేయడానికి నువ్వంత తొందర పడుతుంటే, మా నాన్న ధైర్యవంతుడు అని కంపెనీ క్వార్టర్స్‌లో నా పక్క మంచం పిల్లకి గొప్పగా చెప్పాను కూడా!

ఇంకో మాట కూడా చెప్పింది డాక్టరమ్మ, గుర్తుందా? ఇది కంటితో ఆగదు, మెదడుకి పాకే రకం అని. ఇప్పుడు తీసిన ఫోటోలో మెదడు శుభ్రంగా ఉంది, ఎప్పటికీ అలాగే ఉంటుందని మాత్రం చెప్పలేను అని. ఆ మాట నువ్వు విన్నావు. తల ఊపావు. నీ తల ఊగడం నేను చూశాను.

పోయిన నెల సెలవు మీద వచ్చినప్పుడు నాకు అర్థమైంది. మధ్యాహ్నం పూట వచ్చాను, బ్యాగు ఇంకా భుజానే ఉంది. ఎప్పుడూ గోడవైపు తిరిగి పడుకుని ఉండే అమ్మ, తల దువ్వుకుని, ముందు గదిలో కూర్చుని కూరగాయలు తరుగుతోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. నువ్వు కుర్చీలో ఉన్నావు.

“ఎక్కడున్నాడు?” అంది అమ్మ.

“తలుపు దగ్గర.”

“ఇంకా అక్కడే ఉన్నాడా? లోపలికి రమ్మనండి.”

“కదులుతున్నాడు. నేను చూస్తే పక్కకి తప్పుకుంటాడు.”

“గడ్డం గీసుకున్నాడా?”

“మొహం కనబడదు.”

“మీకు వాడి మొహం ఎప్పుడు కనబడింది గనక? తిట్టేటప్పుడు కూడా రాడ్డు వైపే చూసేవారు.” అని నవ్వింది అమ్మ. నువ్వూ నవ్వావు. ఇద్దరూ కలిసి తలుపు వైపు చూశారు. పట్టపగలు, ఎండ గడప దాటి లోపలిదాకా వచ్చి ఉంది, గదిలో మనం ముగ్గురమే ఉన్నాం.  నాకు తెలియకుండానే నేను కూడా తలుపు వైపు చూశాను.

అప్పుడు అమ్మ నాతో మొదటి మాట అంది. ఎప్పుడొచ్చావు అని కాదు. “జరగవే, వాడికి అడ్డంగా నిలబడ్డావు” అంది.

నేను జరిగాను నాన్నా. లేనివాడికి దారిచ్చి, ఉన్నదాన్ని నేను పక్కకి జరిగాను. నువ్వు ఒక్క మాట అనలేదు.

వాడు నాకూ అన్నే. వాడికి నువ్వు చెయ్యి పట్టుకుని పని నేర్పావు. నన్నేమో ‘ఆడపిల్లకి మంటలో పనేంటి’ అని షెడ్డులోకే రానివ్వలేదు. వాడు పారేసిన నల్ల అద్దం ముక్క కంటికి అడ్డం పెట్టుకుని, రేకు సందులోంచి నీ చేతుల్ని చూసి నేర్చుకున్నాను. తుక్కు ఇనుము మీద ఒక్కదాన్నే కాల్చుకుని కాల్చుకుని చేతులు బొబ్బలెక్కించుకున్నాను. వాడు పని చేస్తూ కప్పు మీదనుంచి జారి పడిపోయిన రోజు నీ కొడుకే కాదు, నాకు పని గురించి మాట్లాడుకునే ఒకే ఒక్క మనిషి పోయాడు. నేను ఏడవడానికి కూడా నాకు మీరిద్దరూ చోటు మిగల్చలేదు. ఇప్పుడు నీ కంట్లో క్యాన్సర్‌కి వాడి పేరు పెట్టుకుని, దాన్ని మేపుకుంటూ కూర్చున్నారు. బతికి ఉన్న పిల్ల ఒకతి ఉందని, నువ్వు పోతే దానికి నాన్న ఉండడని మీ ఇద్దరిలో ఒక్కరికైనా తట్టిందా?

కాబట్టి విను. ఆపరేషన్‌కి వచ్చే వారం ఇంకో తేదీ ఇప్పించాను. డాక్టరమ్మని బతిమాలాను, నేను ఎవర్నీ బతిమాలే రకం కాదని నీకు తెలుసు. నువ్వు రానంటే, ఆదివారం నేనే ఇంటికొచ్చి అమ్మకి అంతా చెప్పేస్తాను. నీ కంట్లో ఉన్నది నీ కొడుకు కాదు, నిన్ను తినే రోగం అని మొహమ్మీదే చెప్తాను. వాణ్ణి రెండోసారి చంపింది నేనే అని అమ్మ చచ్చేదాకా తిట్టుకున్నా సరే.

నీ
మొండి

*

అమ్మాయ్,

రాస్తున్నది రవ్వల బాబాయ్‌ని. చెప్తున్నది మీ నాన్న. నీ ఉత్తరం చదివి వినిపించాను, ఒక్క తిట్టు కూడా వదల్లేదు. మీ నాన్న చెప్పినట్టే రాస్తాను, మధ్యలో నేనేమైనా అంటే నేనే అన్నానని చెప్తాను.

తల్లీ, ఆదివారం వచ్చి అమ్మకి ఏమీ చెప్పకు. ముందు నేను చెప్పేది విను.

నాకు పిచ్చి పట్టలేదు. నాకు వాడు ఎప్పుడూ కనబడలేదు. సాలెగూడు గాలికి ఊగినట్టు ఏదో ఊగుతుంది, అంతే. ఒక్కోసారి మసిగుడ్డలా ఉంటుంది. దానికి తలా లేదు, కాళ్లూ లేవు. కన్ను ఎటు తిప్పితే అటు జారుతుంది. ఇన్నేళ్లు మంట చూసినవాణ్ణి, కంట్లో తేలే నీడకీ మనిషికీ తేడా తెలియదా నాకు?

ఒకరోజు కూర్చుని ఊరికే చేత్తో గాల్లో తోసుకుంటున్నాను, ఈగ అనుకుని. మీ అమ్మ మంచం మీదనుంచి చూసింది. ఏంటది అంది. ఎడమవైపు ఏదో నిలబడినట్టుంది అన్నాను. మీ అమ్మ లేచి కూర్చుంది. ‘పొడుగ్గా ఉన్నాడా?’ అని అడిగింది. నాకు అర్థమైంది ఎవర్ని అడుగుతోందో. కాదు అని చెప్పాల్సింది. ఆ మొహం చూశాక నోరు రాలేదు. అవును అన్నాను.

(ఇక్కడ ఆపి టీ తెప్పించాను. — బాబాయ్)

ఆ రోజు మీ అమ్మ మంచం దిగింది. తల దువ్వుకుంది. ఆకలేస్తోంది అంది. ఆ మాట వినడానికి నేను ఎన్నాళ్లు కాచుకుని కూర్చున్నానో నీకు తెలియదు, నువ్వు క్వార్టర్స్‌లో ఉన్నావు. మర్నాడు మళ్లీ అడిగింది, ఎక్కడున్నాడు అని. చెప్పాను. రోజూ అడుగుతుంది, రోజూ చెప్తాను. ఇప్పుడు డాక్టరమ్మ ఆ జిగురంతా లాగేస్తే కన్ను అద్దంలా అయిపోతుందంటున్నారు. అప్పుడు మీ అమ్మ ఎక్కడున్నాడని అడిగితే నేనేం చెప్పాలి? లేడు అనాలా? ఒకసారి అన్నాం కదా ఆ మాట. అంటే ఏమైందో చూశావు కదా.

కళ్లు పోతే పోనీ. గుడ్డివాణ్ణయినా వాడు తలుపు దగ్గరే ఉన్నాడని చెప్పగలను.

(కళ్లొక్కటే కాదురా, మెదడు సంగతి పిల్ల రాసింది కదా, దానికేమంటావ్ అన్నాను. ‘నిన్ను రాయమన్నాను, తీర్పు చెప్పమనలేదు’ అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, అది రాయను. — బాబాయ్)

నిన్ను జరగమన్నప్పుడు నేను మాట్లాడలేదు. నిజమే. మాట్లాడితే వాడు అక్కడ లేడని ఒప్పుకున్నట్టే కదా. నీకు చోటివ్వాలంటే వాణ్ణి బయటికి పంపాలి, వాణ్ణి పంపితే మీ అమ్మ మళ్లీ గోడవైపు తిరుగుతుంది. ఎటూ పాలుపోక నోరు మూసుకున్నాను. నిన్ను షెడ్డులోకి రానివ్వనిది నీకు చేతకాదని కాదు. వాడికి నేర్పాను, ఏమైంది?

నాకు కొంచెం టైం ఇవ్వు. ఏదో ఒకటి ఆలోచిస్తాను.

నాన్న
వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాడు. గీత మీద పడలేదు, అంతే. — బాబాయ్

*

నాన్నా,

ఈసారి ముందు ఏమీ కొట్టేయలేదు. సరాసరి ‘నాన్నా’ అనే మొదలుపెట్టాను.

ఆపరేషన్ అయిన కంటికి కట్టు ఉండగా చదవకూడదు. అందుకని ఈ ఉత్తరం బాబాయ్ చదివి వినిపిస్తాడు. అమ్మ మందుల కోసం కిందికి దిగినప్పుడే చదవమన్నాను. బాబాయ్, తలుపు వైపు ఒక కన్ను వేసి ఉంచు. నాకు సెలవు దొరకలేదు, షిఫ్టుకి రావాల్సి వచ్చింది. లేకపోతే నీ పక్కనే కూర్చుని చెప్పేదాన్ని.

‘అమ్మాయి వాళ్లమ్మే ఆపరేషన్‌కి వెళ్లండి అంది, ఎందుకందో అర్థం కావడం లేదు’ అని నువ్వు బాబాయ్‌తో అన్నావట. ఎందుకందో నేను చెప్తాను.

ఆదివారం నువ్వు వద్దన్నా వచ్చాను. నువ్వు షెడ్డులో ఉన్నావు. బస్సులో వస్తూ అనాల్సిన మాట అనుకుంటూనే ఉన్నాను. అది అన్న కాదు, రోగం. అది అన్న కాదు, రోగం. పక్క సీటు ముసలాయన నా పెదాల వైపు చూసి లేచి వేరే చోట కూర్చున్నాడు. నీ ఉత్తరం చదివాక కూడా నేను మారలేదు, ఉన్న మాట చెప్పి తీరాలనే వచ్చాను. ఇంకా కోపం పెరిగింది కూడా. ఒక్క అబద్ధం కోసం ఒక మనిషి కళ్లు పోవాలా?

అమ్మ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. నేను ఒక చివర పట్టుకున్నాను, తను ఒక చివర. దుప్పటి పిండుతూ నావైపు చూడకుండానే అంది, “ఆపరేషన్ చేయించడానికే కదా వచ్చావు?”

“అవును.”

“మంచిదే. నేను కాదనను. మీ నాన్న కళ్లు నాకు వద్దా? ఒక్కటే చెప్పు. మీ నాన్న కంట్లోంచి తీసేస్తే, వాడు ఎక్కడికి పోతాడే?”

నా నోట్లో మాట సిద్ధంగా ఉంది. నాలుగు ముక్కలు. అమ్మ దుప్పటి కొస చేతికి చుట్టుకుని నిలబడింది. నాన్నా, ఎవరికైనా మొహమ్మీద చెప్పేస్తాననే పేరు నాకుంది. సూపర్‌వైజర్ నేనొస్తుంటే పక్క దారిన పోతాడు. అలాంటిదాన్ని, నాలుక తిరగలేదు.

“నాతో వస్తాడు” అన్నాను.

నేనన్నానా, నాలోంచి ఇంకెవరైనా అన్నారా తెలియదు. అన్నాక ఆగలేదు. మంట ఆపి మాస్కు ఎత్తగానే కళ్ల ముందు ఒక నల్ల మచ్చ నిలబడుతుంది కదా, నీకూ తెలుసు, ఈ పని చేసే ప్రతివాడికీ తెలుసు. అది చెప్పాను. అది మచ్చ అని మాత్రం చెప్పలేదు. నాకూ కనబడతాడమ్మా, మాస్కు ఎత్తితే ఎడమవైపు ఉంటాడు, కాసేపుండి పోతాడు, మళ్లీ వస్తాడు అన్నాను.

అమ్మ నావైపు చూసింది. అలా నన్ను చూసి ఎన్నేళ్లయిందో.

“ఎప్పట్నుంచి?”

“కొంతకాలంగా.”

“మరి చెప్పలేదేం?”

“నువ్వు అడగలేదు.”

ఆ మొత్తం మాటల్లో నిజం అదొక్కటే.  అమ్మ దుప్పటి తీగ మీద వేసి, అటువైపే తిరిగి మడతలు సాపు చేసింది. నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో నాకు తెలియదు. తర్వాత తిరిగి, “సరే మరి. వాణ్ణి ఎత్తు మీదికి మాత్రం తీసుకెళ్లకు” అంది. నేను తల ఊపాను. “నువ్వు కూడా ఎక్కకు” అంది.

ఆ సాయంత్రం నువ్వొచ్చాక నీతో ‘వెళ్లండి’ అంది. అదీ జరిగింది.

ఇక నీ కంటి సంగతి. పరీక్ష ఫలితం వచ్చింది. డాక్టరమ్మ ఫోన్‌లో నాకు చెప్పింది, నీకూ తనే చెప్తుంది. అనుకున్నదే. లింఫోమాయే. తీసిన జిగురులో కణాలు దొరికాయట, మాత్రలు ఆపడం వల్లే దొరికాయి అంది. రెండు కళ్లలోకీ సూదిమందు వేస్తారట, కుడికంట్లో కూడా కొంచెం ఉంది. కంట్లోకి సూది అంటే భయపడకు, మొద్దుబారే మందు వేస్తారు. అది కాక మెదడు దాకా వెళ్లే మందు ఒకటి రక్తంలోకి ఎక్కిస్తారు. ఆసుపత్రిలో పడుకోవాలి, ఒళ్లు నీరసిస్తుంది, నోరు పూస్తుంది. ఏళ్ల తరబడి మెదడు ఫోటోలు తీయించుకుంటూ ఉండాలి. నయమవుతుందా అని అడిగాను. ‘మాట ఇవ్వలేను, కానీ సరైన టైంలో వచ్చారు, పోరాడదాం’ అంది. బుజ్జగించకుండా చెప్పింది కనక నమ్ముతున్నాను. మీ షెడ్డు గోడ మీది చుక్కలమందు సీసా పగలగొట్టింది నేనే. బాబాయ్‌కి తెలుసు.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. కట్టు విప్పాక అమ్మ నిన్ను అడగొచ్చు, కనబడుతున్నాడా అని. లేడు అని చెప్పు. తడబడకుండా చెప్పు. ‘పిల్ల దగ్గరికి పోయాడు’ అను. నీ వంతు అయిపోయింది నాన్నా. ఇన్నాళ్లు మోశావు, ఇక దించేయ్. నీకు అబద్ధాలు చేతకావు, నీ మొహంలో తెలిసిపోతుంది. నా మొహం అమ్మకి ఎదురుగా ఉండదు, ఫోన్‌లోనే కదా.

రోజూ టీ టైంలో ఫోన్ చేస్తోంది ఇప్పుడు. నాకు! నిన్న కూడా చేసింది. “వచ్చాడా?” అంది. వచ్చాడన్నాను. “ఏం చేస్తున్నాడు?” నా పని చూస్తున్నాడన్నాను.  “ఎలా ఉందట నీ పని?” అంది.

నాన్నా, నా పని ఎలా ఉందని మన ఇంట్లో నన్ను అడిగినవాళ్లు లేరు.  వాడైతే ఏమనేవాడో అనుకున్నాను. వేలితో అతుకు మొత్తం తడిమి, ఎక్కడో ఒక చోట ఆగి, ‘ఇక్కడ చెయ్యి వణికిందే మొండీ’ అనేవాడు. నేను ఆ రోజు వేసిన అతుకు మీద వేలు పెట్టి చూశాను. ఒక చోట నిజంగానే వణికింది.

“ఒక్క చోట బాలేదంటున్నాడమ్మా” అన్నాను. అమ్మ నవ్వింది. వాడంతే, అంది.

ఫోన్ పెట్టేశాను. ఇక్కడ మా షెడ్డులో అందరూ టీకి వెళ్లారు, ఎవరూ లేరు. నాకు ఎడమవైపు తల తిప్పి చూడటానికి ధైర్యం చాలలేదు. మాస్కు దించుకుని, ఆ అతుకు మళ్లీ వేశాను.

నీ
కూతురు